తేరిన నీరెల్ల శుద్ధమగునా?

నీటికి మన పూర్వులు "జీవనము" అని పేరు పెట్టిరి. బ్రతుకునకును నీటికిని ఒకే పదమును వాడుటలోనే వారి తాత్పర్యము తెలియుచున్నది. అయితే ఆ జీవనమే దుష్టమైనచో ప్రాణములను హరించును. కలిగినవారి ఇంట నీరు చెడినచో వారు వేరొకచోటి నుండి కొని తెచ్చుకొందురు. పేదవానికి ఆ వీలు లేదు. ఏ నీరు దగ్గర నున్నదో అదియే అతని నీరు. అందుచేత ఈ పాఠములో మూలికలను గూర్చి కొంచెమే చెప్పి, మూలికల కంటె ముందుగా పేద కుటుంబమునకు చేరవలసిన మంచినీటిని గూర్చియు, మరుగుదొడ్డిని గూర్చియు చెప్పదలచితిని. దానికి ముందు నా వలన జరిగిన ఒక పొరపాటును పాఠకులకు నివేదించుట ధర్మము.

నా పొరపాటు

నేను వైద్యము ఆరంభించిన తొలి సంవత్సరములలో, ఒక వర్షాకాలమున, కూలిపని చేసికొను ఒక తల్లి తన నాలుగేండ్ల కుమారుని నాయొద్దకు తీసికొని వచ్చెను. బాలునికి అతిసారము. నాడిని, నాలుకను పరీక్షించి కొడిసెపాల చెక్కతో చేసిన ఔషధము నిచ్చితిని. మూడు దినములలో తగ్గెను. పది దినములకు రోగము మరల వచ్చెను. మరల ఔషధము, మరల ఉపశమనము. మూడవసారి వచ్చినప్పుడు త్రాగునీటిని గూర్చి అడిగితిని. వాడలోని బావి నీరు బురదగా నున్నదని ఆమె చెప్పెను. చిల్లగింజను అరగదీసి కడవలో కలిపి, నీరు తేరిన పిదప త్రాగుడని చెప్పి పంపితిని. నీటి సంగతి అంతటితో తీరినదని అనుకొంటిని.

నాలుగవసారి వచ్చినప్పుడు ఆమె అడిగిన మాట నాకిప్పటికిని వినబడుచునే యున్నది. "అయ్యగారూ, మీరు చెప్పినట్టే గింజ అరగదీసి పోశామండీ. నీళ్ళు అద్దంలా తేరాయండీ. మరి పిల్లోడికెందుకు తగ్గట్లేదండీ?"

ఆ సాయంకాలము నేను వారి వాడకు వెళ్ళితిని. బావి గట్టు పగిలియున్నది. దానికి ఎగువన ఇరువది అంగల దూరములో పిల్లలు బహిర్భూమికి పోవు చోటు. వాన పడినప్పుడెల్ల ఆ నేలను కడిగిన నీరు పగుళ్ళగుండ బావిలోనికి దిగుచున్నది. ఆ తల్లి గ్లాసుతో త్రాగునీటిని నాకు చూపెను. నిజముగా అద్దము వలెనే యున్నది. ఆ వర్షాకాలములో ఆ వాడలో ఇద్దరు శిశువులు మరణించిరి. వారిలో ఒకతె ఆ బాలుని చెల్లెలు. నేనిచ్చిన ఔషధము మంచిదే. కాని రోగమునకు మూలము ఔషధము చేరని చోట నుండెను. నేను కడవ వరకు పోయి, బావి వరకు పోనైతిని.

శాస్త్రము చెప్పినది, నేను మరచినది

సుశ్రుత సంహిత సూత్రస్థానము 45వ అధ్యాయమును నేను గురుకులములో కంఠస్థము చేసితిని. ఆ అధ్యాయములో నీటికి ఆరు దోషములు చెప్పబడినవి. అవి స్పర్శము, రూపము, రసము, గంధము, వీర్యము, విపాకము అనువాని యందు కలుగును. మొదటి నాలుగును చేతికి, కంటికి, నాలుకకు, ముక్కునకు తెలియును. చివరి రెండును త్రాగిన పిదప, దేహములో కలుగు వికారమును బట్టి మాత్రమే తెలియును. అనగా కంటికి కనబడని దోషము నీటిలో నుండునని మన ఆచార్యులకు తెలియును.

చికిత్సను కూడ వారు వేరువేరుగానే చెప్పిరి. నీరు కలుషమైనచో, అనగా మురికిగా మడ్డిగా నున్నచో, దానిని తేర్చుటకు ఏడు సాధనములు: కతకము అనబడు చిల్లగింజ, గోమేదకము, తామర తూటి కణుపు, నాచు వేరు, వస్త్రము, ముత్యము, మణి. నీరు వ్యాపన్నమైనచో, అనగా లోపల చెడినచో, దానిని అగ్నిపై కాచవలెను, ఎండలో కాచవలెను, లేదా కాల్చిన ఇనుప గుండునో ఇసుకనో మట్టిగడ్డనో అందులో ముంచవలెను. తేర్చుట వేరు, శుద్ధి చేయుట వేరు. నేను వ్యాపన్నమైన నీటికి కలుషమైన నీటి చికిత్స చెప్పితిని. అదియే నా తప్పు.

నేటి విజ్ఞానము ఈ భేదమునే వేరొక భాషలో చెప్పుచున్నది. 1884లో రాబర్ట్ కోచ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలోని ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని కనుగొనెను. అట్టి క్రిములు లక్షలుగా నున్నను నీరు తేటగానే కనబడవచ్చును. చిల్లగింజ మట్టిని అడుగునకు దింపును. మట్టితోపాటు కొన్ని క్రిములును దిగును గాని అన్నియు దిగవు.

వాడ యంతయు ఒకేసారి ఏల పడకేయును?

చరక సంహిత విమానస్థానము 3వ అధ్యాయములో ఒక ప్రశ్న గలదు. గంగాతీరమున కాంపిల్యములో అగ్నివేశుడు తన గురువైన పునర్వసు ఆత్రేయుని అడుగును: మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారములు వేరు, వయస్సులు వేరు, అట్లయిన జనపదమంతయు ఒకే రోగముతో ఒకేసారి ఏల నశించును? గురువు సమాధానము – వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందరికిని సామాన్యములు గనుక అవి చెడినప్పుడు అందరును చెడుదురు. ఆ చెడుటకు మూలము అధర్మమనియు, దేశమును నగరమును పాలించు ప్రధానులు ధర్మము తప్పుటతో అది ఆరంభమగుననియు ఆత్రేయుడు చెప్పెను.

దీనిని బట్టి రెండు సంగతులు గ్రహింపవలెను. ఒక ఇంటివారు తమ కడవను మాత్రము శుద్ధి చేసికొనిన చాలదు, బావి బాగుపడవలెను. బావిని బాగుచేయుట ఒక కూలివాని వలన నగు పని కాదు, గ్రామము పూనుకొనవలెను. అంతవరకు ఇంటిలో చేయదగినవి చెప్పెదను.

ఇంటిలో శుద్ధి చేయు విధములు

మొదట తేర్చవలెను. చిల్లగింజను గరుకు రాతిపై నీటితో అరగదీసి, ఆ గంధమును కడవలో కలిపి, కదలింపక ఉంచవలెను. గింజ దొరకనిచోట పటికను కొంచెము త్రిప్పినను నీరు తేరును. పైనున్న తేట నీటిని వేరొక పాత్రలోనికి వంచుకొనవలెను. పిమ్మట ఈ క్రింది వానిలో ఒకదానితో శుద్ధి చేయవలెను.

1. కాచుట: నీరు బాగుగా తెర్లి బుడగలు పొంగిన పిమ్మట ఒక నిమిషము మరిగినచో క్రిములు నశించును. గంటల తరబడి కాచి కట్టెలు వృథా చేయనక్కరలేదు. వంట చెరకు చాలని ఇంట మొదట పసిపిల్లలకును, గర్భిణులకును, రోగులకును కావలసిన నీటినైనను కాచవలెను. కాచి చల్లార్చిన నీరు లఘువు. అదియే నిలువయుండి మరునాటికి త్రిదోషకరమగునని వాగ్భటుడు చెప్పెను. ఏ దినము నీటిని ఆ దినమే కాచుకొనుట ఉత్తమము.

2. ఎండ: ఖర్చు లేని పద్ధతి ఇది. రంగు లేని, గీతలు పడని, రెండు లీటర్లకు మించని ప్లాస్టిక్ సీసాను కడిగి తేట నీటితో నింపి, మూత బిగించి, ఇంటికప్పు మీద ఎండలో 6 గంటలు పడుకోబెట్టవలెను. మబ్బు పట్టినచో రెండు దినములు ఉంచవలెను. ఎడతెరిపి లేని వానలలో ఈ పద్ధతి పనికిరాదు. మడ్డి నీటిలో ఎండ లోనికి చొరదు గనుక ముందుగా తేర్చుట అత్యావశ్యకము. చిల్లగింజకు తగిన స్థానము ఇదియే.

3. క్లోరిన్ బిళ్ళ: ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన బిళ్ళను కాగితముపై వ్రాసిన కొలత ప్రకారము కలిపి, అరగంట ఆగి త్రాగవలెను. వాసనకు వెరచి పారబోయువారు గలరు. ఆ కొంచెపు వాసన మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు.

4. వడగట్టుట: పాత నూలుచీరను నాలుగు మడతలు వేసి వడగట్టుట ఏమియు లేని దానికంటె మేలు. బంగ్లాదేశములో ఇట్లు చేసిన గ్రామములలో కలరా దాదాపు సగమునకు తగ్గినదని 2003లో ప్రకటించిరి. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకొని యుండుటచే ఆ మేలు కలిగినది. ఇతర క్రిములన్నియు వస్త్రమునకు చిక్కవు.

5. రాగి బిందె: క్రిములు కలిసిన నీటిని రాగి పాత్రలో 16 గంటలు ఉంచగా అతిసారమును కలిగించు బాక్టీరియా నశించినట్లు 2012లో మన దేశమున జరిపిన ఒక పరిశోధన వెల్లడించినది. ఉన్నవారు వాడుకొనవచ్చును. లేనివారు దానికై అప్పు చేయవలదు. ఒక రాత్రి నిలువ ఉంచుటకు బదులు పూటకు పూట నింపుకొను ఇంట ఆ గుణము లభింపదు.

నీటిని నిలువ చేయుట

శుద్ధి చేసిన నీరు కడవలో మరల చెడుట నేను తరచుగా చూచుచున్నాను. నీటిపాత్రను నేల మీద గాక పలక మీదనో, ముక్కాలి మీదనో, ఉట్టి మీదనో ఉంచవలెనని సుశ్రుతుడు చెప్పెను. ఇంటిలో పాకులాడు బిడ్డ, కోడి, కుక్క ఉన్నచోట ఆ మాట విలువ తెలియును. పాత్రకు మూత ఉండవలెను. చేతిని ముంచరాదు. పొడుగు కాడ గల గరిటెతో తీసికొనవలెను. దానిని గోడకు వ్రేలాడదీయవలెను. మలవిసర్జనము తరువాతను, బిడ్డను కడిగిన తరువాతను, అన్నము ముట్టుటకు ముందును చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. సబ్బు లేనిచో శుభ్రమైన బూడిదయైనను వాడవలెను.

బావికి మందు వేయు కొలత

వానలు పడగనే గ్రామపు బావికి బ్లీచింగ్ పౌడరు వేయుట ఆచారము. గుప్పెడు విసరి పోవుట మందు వేయుట కాదు. బావి అడ్డుకొలతను దానిచేతనే గుణించి, దానిని నీటి లోతుతో గుణించి, ఆ వచ్చిన దానిని 3.14తో గుణించి 4తో భాగించినచో ఘనపు మీటర్లు వచ్చును. ఒక ఘనపు మీటరు 1000 లీటర్లు. ప్రతి 1000 లీటర్లకు మంచి పౌడరు రెండున్నర గ్రాములు కావలెను. ఉదాహరణకు 2 మీటర్ల అడ్డుకొలత, 3 మీటర్ల నీరు గల బావిలో సుమారు 9,400 లీటర్లు ఉండును. దానికి సుమారు 24 గ్రాములు చాలును.

ఆ పౌడరును బొక్కెనలో కొంచెము నీటితో ముద్దగా కలిపి, ముప్పాతిక వంతు నీరు పోసి కలియబెట్టి, పది నిమిషములు ఆగవలెను. సున్నము అడుగున దిగును. పై తేటను వేరొక బొక్కెనలో పోసి, బావిలోనికి దింపి నీటిలో బాగుగా కదలింపవలెను. సున్నపు మడ్డిని బావిలో వేయరాదు. కనీసము ఒక గంట వరకు నీరు తోడరాదు. రాత్రి వేళ వేసినచో తెల్లవారునప్పటికి సిద్ధముగా నుండును. మూత తీసి పెట్టిన పాత పౌడరు సత్తువ కోల్పోవును.

కాచినను పోని దోషము

క్రిములకు చెప్పిన ఈ ఉపాయములు ఫ్లోరైడునకు పనిచేయవు. మన దేశమున ఎముకల ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నల్లగొండ జిల్లా ప్రజలు దాని వలన పడిన బాధ తెలుగువారందరికిని తెలిసినదే. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు మంచిది. వేరు నీరు లేనిచోట ఒకటిన్నర వరకు అనుమతింతురు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, కీళ్ళు బిగిసికొనును. అట్టి నీటిని కాచినచో ఆవిరి పోయి ఫ్లోరైడు మరింత చిక్కబడును. ఒకసారి వంగిన ఎముకను నిటారుగా చేయు మూలిక నేనెరుగను. అచ్చటి వారికి నదీజలమునో వాననీటినో సమకూర్చుటయే చికిత్స. తెలంగాణములో 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నల్లగొండకు కృష్ణా జలమును చేర్చుట ఏ ఔషధమునకును సాధ్యము కాని మేలు.

మరుగుదొడ్డి – వేగధారణ

ఇల్లాలి మాట ఒకటి చెప్పవలెను. మలమూత్ర వేగములను ఆపరాదని చరకుడు సూత్రస్థానములో ఒక అధ్యాయమునే వ్రాసెను. మూత్రమును ఆపినచో వస్తిశూల, మూత్రకృచ్ఛ్రము, శిరోవేదన, గజ్జలలో బిగింపు కలుగును. మలమును ఆపినచో పక్వాశయమున నొప్పి, కడుపుబ్బరము, పిక్కలు పట్టుట కలుగును. మరుగుదొడ్డి లేని ఇంటి స్త్రీ ఈ వేగములను సూర్యోదయమునకు ముందు, సూర్యాస్తమయమునకు తరువాత మాత్రమే తీర్చుకొనగలదు. పగలు అవసరము పడునను భయముతో ఎండలో పనిచేయుచును నీరు త్రాగదు. మూత్రపు మంటకు పల్లేరు కషాయము కోరి వచ్చు స్త్రీలను "ఇంట మరుగుదొడ్డి ఉన్నదా?" అని నేను తప్పక అడుగుదును. లేదని చెప్పిన ఇంట కషాయము సగము పనియే చేయును.

పేద కుటుంబమునకు రెండు గుంటల మరుగుదొడ్డి మేలైనది. సులభ్ సంస్థ 1970 నుండి దీనిని ప్రచారము చేసినది. మీటరు వెడల్పు, మీటరు లోతు గల రెండు గుంటలను త్రవ్వి, సందులు విడిచిన ఇటుకలతోనో, రంధ్రములు గల సిమెంటు వరలతోనో కట్టవలెను. అడుగును సిమెంటుతో మూయరాదు. నీరు నేలలోనికి ఇంకవలెను. ఒక గుంటను మాత్రమే వాడవలెను. అది నిండిన పిదప మూసి, దారి మార్చి, రెండవదానిని వాడవలెను. మూసిన గుంటలోని మలము ఒకటిన్నర, రెండు సంవత్సరములలో వాసన లేని ఎరువుగా మారును. పచ్చి మలమును ఏ మనిషియు చేతితో ఎత్తనక్కరలేదు. అట్లు ఎత్తించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. వాలు ఎక్కువగల పళ్ళెము పెట్టినచో రెండు లీటర్ల నీరు చాలును. గుంటకును బావికి గాని బోరింగునకు గాని నడుమ కనీసము 10 మీటర్ల దూరము ఉండవలెను. భూగర్భజలము పైపైనే యున్న చోట ఇంజనీరును అడుగక కట్టరాదు. లేనిచో రోగమును బయటనుండి తెచ్చి బావిలో పాతిపెట్టినట్లగును.

పసిబిడ్డల మలము నిర్దోషమని తలచి వాకిట పారవేయుట మరియొక తప్పు. దానిని కూడ మరుగుదొడ్డిలోనే వేయవలెను.

అతిసారము వచ్చినప్పుడు

ఔషధమునకు ముందు నీరు. శుద్ధమైన ఒక లీటరు నీటిలో ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఇచ్చట చెంచా అనగా టీ చెంచా. ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము దీనికంటె శ్రేష్ఠము. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరములో డాక్టరు దిలీప్ మహలనబిస్ ఇట్టి ద్రావణముతోనే ఎందరో కలరా రోగులను బ్రతికించెను. తల్లిపాలు మాన్పరాదు. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ ఇయ్యవచ్చును. దానిమ్మ తొక్క, కొడిసెపాల మొదలగునవి పెద్దలకు వైద్యుని సలహాతో ఈయదగినవి. బిడ్డ కన్నులు గుంటలు పడినను, మూత్రము రాకున్నను, మత్తుగా నున్నను, త్రాగలేకున్నను, మలములో రక్తము పడినను ఇంటి వైద్యముతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

పంచాయతీని అడుగవలసినవి

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రకారము ప్రతి గ్రామీణ గృహమునకు కుళాయి ద్వారా మనిషికి దినమునకు 55 లీటర్ల మంచినీరు అందవలెను. గ్రామ నీటి సంఘములో కనీసము సగము మంది స్త్రీలుండవలెను. నీటిని పరీక్షించు పెట్టెతో గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఈయవలెనని అందులోనే యున్నది. 2014లో ఆరంభమైన స్వచ్ఛ భారత్ క్రింద అర్హత గల కుటుంబమునకు మరుగుదొడ్డి కొరకు 12,000 రూపాయలు నిర్ణయించిరి. వీనిని పేదవారు యాచింపనక్కరలేదు. ఎరుగని వారికి ఎరిగించి, దరఖాస్తు వ్రాసి పెట్టుట చదువుకొన్న పాఠకుల వంతు. పైపు పగిలి మురుగుకాలువలో మునిగియున్నచో కుళాయి నీరును వ్యాపన్నమే యగును. కుళాయి వచ్చినదని పరీక్ష మానరాదు.

గుర్తుంచుకొనవలసినవి

1. తేట నీరంతయు శుద్ధమైనది కాదు. మొదట తేర్చి, పిదప శుద్ధి చేయవలెను.
2. శుద్ధి చేసిన నీటిలో చేయి ముంచరాదు.
3. బావికిని మలమునకును దూరము ఉండవలెను. బావికి ఎగువన గుంట త్రవ్వరాదు.
4. ఫ్లోరైడు కాచిన పోదు, నీటినే మార్చవలెను.
5. మాటిమాటికి అతిసారము వచ్చు ఇంట మందు మార్చుటకు ముందు నీటిని, మరుగుదొడ్డిని చూడవలెను.

ఆ వాడవారు మరుసటి వర్షాకాలమునకు ముందే చందాలు వేసికొని, పంచాయతీవారిని ఒప్పించి బావి గట్టు కట్టించిరి. బహిర్భూమి చోటును దిగువకు మార్చిరి. కూలి డబ్బులు లేనివారు ఇటుకలు మోసిరి. ఆ వానలలో నా యింటి ముందు ఆ వాడ బిడ్డలు నిలుచుట చాల తగ్గినది. ఆ తల్లి అటుపిమ్మట తన కుమారుని కొరకు నాయొద్దకు రాలేదు. ఆమె రాకపోవుటయే నాకు ముట్టిన గొప్ప దక్షిణ.